జత సొమ్ము

ఈ ఊరి పేరు మన మాటల్లో చెప్తే విరిగిన కొండ.
విరిచి, లోపలి వెండీ సీసమూ తవ్వుకుని
మిగిలింది గాలికి వదిలేశారు.
బ్రోకెన్ హిల్‌లో నేను నడిపేది బడి బస్సు.
లెక్కలొచ్చిన మొహమనుకున్నారేమో
చెట్ల సంఘానికి నన్ను కోశాధికారిని చేశారు.

మూడో స్టాపులో నీడ లేదు.
ఫిబ్రవరిలో, మధ్యాహ్నం మూడింటికి,
నలభై నాలుగు డిగ్రీల్లో
పిల్లలంతా కరెంటు స్తంభం నీడలో
ఒకరి వెనక ఒకరు, జానెడు వెడల్పున, చీమల బారు.
నీడ జరిగితే వరసా జరుగుతుంది.
నేనెంత ఆలస్యమో ఆ వరసే చెప్పేస్తుంది.

ఇరవై రెండు చెట్లు, రెండు వాననీటి ట్యాంకులు,
వేళ్ల దగ్గర బొట్టు బొట్టుగా కారే గొట్టం.
పద్దెనిమిది వేల డాలర్లు.
సగం మీరు పోగెయ్యండి, అంది కౌన్సిలు,
డాలరుకి డాలరు మేం జత కడతాం.
శుక్రవారం అర్ధరాత్రి గడువు.
ఒక్క సెంటు తగ్గినా
మీవి మీకు, మావి మాకు.

గురువారం బౌలింగ్ క్లబ్బులో మైకు నా చేతికిచ్చారు.
నాకు తెలిసిన పద్ధతొకటే, పెళ్లి చదివింపులు.
"డారిల్ పాస్కో గారూ, నలభై డాలర్లు!"
గారు అంటే ఏమిటని అరిచాడు పాస్కో,
గని మింగగా మిగిలిన ఊపిరితో.
పేరు పక్కన మొలిచే మొక్క, అన్నాను.
ఆ తర్వాత ఎవడికీ ఉత్త పేరు సరిపోలేదు.
క్షౌరశాల లొరెల్ గారు, డెబ్భై అయిదు.
గారు రెండుసార్లు అంటే ఇంకో పది.

ఎనిమిదేళ్ల కోబీ ఖాళీ సీసాలేరాడు.
సీసాకి పది సెంట్లు, నూట నలభై మూడు సీసాలు.
తర్వాత కౌన్సిలు పంపిన చిట్టాలో
వాడి పద్నాలుగు డాలర్ల ముప్ఫై సెంట్లకి ఎదురుగా
మరో పద్నాలుగు డాలర్ల ముప్ఫై సెంట్లు,
రాజముద్రతో.
ఒక ప్రభుత్వం ఒక పిల్లాడి ఎత్తుకి వంగడం
నేను చూసింది ఆ ఒక్క వరసలోనే.

నోరీన్ అత్త డబ్బివ్వలేదు.
ఆమె మనుషులు ఈ నేలమీద ఊరు లేనప్పటి నుంచీ ఉన్నారు.
రోడ్డు పొడుగునా నడిచి, మా జాబితా చూసి,
ఇవన్నీ చస్తాయి, అంది.
కాఫీ డబ్బాలో మల్గా గింజలు తెచ్చింది.
చినుకు పడితే ఆకులే పట్టి,
కొమ్మకందించి, కొమ్మ కాండానికందించి,
వేరుదాకా దించుకునే చెట్టట.
అంటే ఇదీ చందాలేసుకునే బతుకుతుందన్నమాట.

గింజలేరిన మూడు వేసవులకి ఫారంలో గడి లేదు.
ఫోన్ చేశాను.
"నగదుకే జత. విత్తనాలకి ఉండదు, సారీ,"
అంది అవతలి అమ్మాయి. ఆమె గొంతూ చిన్నబోయింది.
మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్నాను:
నోరీన్ గారు, ఒక డబ్బా.
కూడిక తప్పింది. చెరపలేదు.

శుక్రవారం రాత్రి పదకొండూ నలభై.
రెండు వందల పన్నెండు డాలర్లు తక్కువ.
ఆ రెండు వందల పన్నెండు ఎవరివో చిట్టాలో ఉంది.
నేను మాత్రం మైకులో చదవలేదు.
మా ఆవిడకీ ఇంకా చెప్పలేదు.

గింజ మొలకై, మొలక మోకాలెత్తు కావడానికి ఏడాదిన్నర.
సాయంత్రం బస్సు షెడ్డుకి తోలుకెళ్తూ చూస్తాను.
ఎండ వాలేకొద్దీ
ప్రతి మొక్క పక్కనా దానంత నీడ,
కాసేపటికి దానికి రెట్టింపు.
ఎవరూ అర్జీ పెట్టుకోలేదు.
పొద్దు గుంకగానే అంతా వాపసు.

పిల్లలింకా స్తంభం నీడలోనే నిలబడుతున్నారు.
నిన్న మాత్రం కోబీ వరసలోంచి బయటికొచ్చి
తన నీళ్ల సీసాని
ఆరో నంబరు మొక్క పక్కన పెట్టి, జరిపి,
మళ్లీ కాస్త జరిపి,
సరిగ్గా పట్టింది, అన్నాడు.
బస్సెక్కమని హారన్ కొట్టాలి.
కొట్టలేదు.