నాలుగూ పది బండి

పట్టాలు పీకేసి నలభై ఏళ్లయిందట.
ఇప్పుడిది సైకిళ్ల దారి.
కారు లేదు, హారన్ లేదు,
గొలుసుకి నూనె చాల్లేదని నా సైకిలొక్కటే
కిర్రుకిర్రుమని సణుగుతోంది.
కంచె అవతల తెల్లటి షరొలే ఆవులు
నెమరు ఆపి చూస్తాయి,
టికెట్టు అడుగుతాయేమో అన్నట్టు.

పాత గేటు పక్కన గేటుమాన్ ఇల్లు.
చిక్కుళ్లు తుంచుతున్న గిన్నె అరుగుమీద పెట్టి
దారి దాటబోయిన ముసలావిడ ఆగింది.
ఎడమకి చూసింది. కుడికి చూసింది.
మళ్లీ ఎడమకి.
నేను బ్రేకు పట్టాను.

పేరు ఓడీల్. గేటు వేసి తీసింది వాళ్ల నాన్నేనట.
నాకొచ్చిన ఫ్రెంచి రొట్టె కొనడానికే సరిపోతుంది,
అయినా ఆవిడ మణికట్టు చూసుకుని అన్నది అర్థమైంది:
"నాలుగూ పది బండి.
ఆరు నిమిషాలు లేటు."
నవ్వలేదు.

కుళాయి చూపించింది.
నీళ్లలో ఇనుము రుచి.
సీసా మూత బిగిస్తుంటే
భుజం మీది పచ్చగుడ్డ తీసి ఒక్క విసురు విసిరింది,
జెండా ఊపిందో
చిక్కుడు పీచు దులిపిందో.

ఎందుకైనా మంచిదని
రెండుసార్లు గంట కొట్టి
వంపు తిరిగాను.