రాగి వేళ్ళు

జయపురం దాటాక, కొలాబు కాలవ పక్కన
ముప్పై ఎకరాల ముళ్లకంచె.
నడిమధ్య ఎరుపూ తెలుపూ పట్టీల మాస్టు.
అంత ఇనుమునీ మోసేది
నా నడుమెత్తు పింగాణీ దిమ్మ ఒక్కటే.
వచ్చినవాళ్లంతా తలెత్తి పైకే చూస్తారు.
నా ఉద్యోగం కింద.

జానెడు లోతున నూటయిరవై రాగి తీగలు,
బండిచక్రం ఆకుల్లా
మాస్టు పాదం నుంచి కంచె దాకా.
పైన అది కథ చెప్పాలంటే
కింద నేల ఊఁ కొట్టాలి కదయ్యా,
ఆ ఊఁ ఈ తీగలదే, అన్నారు బెహరా సారు
మొదటిరోజు.
పార్వతీపురం బస్సు దిగి, ఘాటీ మలుపుల్లో కక్కుకున్న చొక్కాతో
నేను తల ఊపాను.

కంచెకి అవతల సొంబారి ముదులి చేను.
మా వైపు వాటిని చోళ్లంటాం.
ఆవిడ మాండియా అంటుంది.
బడి పుస్తకంలో రాగులు.
అంటే కంచెకి అటూ రాగే, ఇటూ రాగే.
ఆవిడది కార్తీకానికి కోతకొస్తుంది.
నాది ఎన్నడూ బయటికి రాకూడదు.

ఆ శ్రావణం పదకొండు రోజులు వదలని వాన.
యాంటెన్నా కరెంటు ముల్లు
అరగీత కిందికి జారింది.
ట్యూనింగ్ గదిలో కాయిల్ తుడిచాను.
కెపాసిటర్ మీద మాడిన బల్లిని తీశాను.
పిడుగు గోళాల మధ్య సందు కొలిచాను, రెండుసార్లు.
ముల్లు ముల్లే.

గడ్డి కొయ్యడానికొచ్చిన సొంబారి
కొడవలి ఆపి కేకేసింది.
"బాబూ, ఇక్కడ ఎవరో తవ్వేరు."
పద్నాలుగు బారల తీగ లేదు.
కుట్టు విప్పిన గోనెలా
మట్టి నోరు తెరుచుకుని ఉంది.
ఎవరని నేనడగలేదు.
ఆవిడ చూపు గట్టు మీద కూర్చున్న మనవడి దాకా
పోయి, వెంటనే తిరిగొచ్చింది.
వాడి సైకిలుకి రెండు టైర్లూ కొత్తవి.

రిజిస్టర్లో రాశాను: తుప్పు వలన నష్టం.
బెహరా సారు కళ్లజోడు సర్దుకుని
"రాగికి పట్టేది తుప్పు కాదు, చిలుము" అని
ఎర్రసిరాతో దిద్ది
సంతకం పెట్టారు.

కొత్త తీగ అతికేటప్పుడు
చివర పట్టుకుంది సొంబారే.
పిలవకుండానే వచ్చింది. కూలి వద్దంది.

ఆ సాయంత్రం
ఫీడరు లైను దగ్గర కొయ్యకుండా మిగిలిన గడ్డిపరక
తడి బరువుకి వంగి తీగని తాకింది.
ఆవగింజంత నీలం నిప్పు.
నిప్పు మాట్లాడింది.
దేశియాలో, మనిషి గొంతుతో,
వరికి దోమపోటు గురించి.
చెయ్యి అడ్డుపెట్టి ఆవిడని వెనక్కి లాగాను.
లాగుతున్నా మెడ చాచి
ఆ పరకకేసి గట్టిగా చెప్పింది:
"కొట్టేం ఆ మందు! పోలేదు!"

పరక మాడిపోయింది.
మాట మధ్యలో ఆగింది.
సొంబారి చాలాసేపు నవ్వింది,
నిజానికి ఆ మందు బాకీ
ఇంకా తీరలేదని తర్వాత తెలిసింది.

నా భాష ఈ మాస్టు ఎక్కదు.
క్వార్టర్సులో నా బుల్లి రేడియోని
ఏ అంకె మీద నిలిపినా మా స్టేషనే,
కిటికీ ఊచ కూడా మా స్టేషనే అన్నట్టు.
దీపం కిందే ఉంటాను,
పక్క ఊరి దీపం కనపడదు.

పదిన్నరకి ట్రాన్స్‌మిటర్ ఆపుతాను.
బ్లోయర్ నిట్టూర్చి నిట్టూర్చి నిలుస్తుంది.
మాస్టు మీద ఎర్రదీపాలు మాత్రం వెలుగుతుంటాయి.
అప్పుడు, గరగర నీళ్ల అడుగున,
వస్తూ పోతూ,
ఎక్కడో తీరం నుంచి తెలుగు.
అల్పపీడనం. ఈదురుగాలులు.
మత్స్యకారులెవరూ వేటకి వెళ్లరాదు.

రెండువేల అడుగుల ఎత్తున,
చుట్టూ చేపవాసనైనా తెలియని కొండలు.
చాప మీద లేచి కూర్చుని
గట్టిగానే అన్నాను.
సరే, వెళ్లను.