సివిలా, క్రిమినలా

ఇంకా సీటే రాలేదు.
ర్యాంకు కార్డు ప్లాస్టిక్ కవరులో చెమట పట్టి ఉంది.
అప్పుడే అడుగుతున్నారు,
చిన్న టీయా పెద్ద టీయా అన్నంత తేలిగ్గా:
సివిలా, క్రిమినలా?

కాశీబుగ్గ కోర్టు గేటుకెదురుగా జిరాక్సు షాపులో
నాకిది మూడో వేసవి.
గుమస్తా కూర్మారావు గారు
వక్కపొడి దవడకి తోసుకుని చెప్పారు:
"సివిలు పట్టుకోయే ఢిల్లేశ్వరీ.
తాత ఏసిన దావా
మనవడి పెళ్లినాటికి కాయ కాస్తాది.
ప్లీడరింట్లో మాత్రం ఏటా కాపే.
క్రిమినలొద్దు. అర్ధరాత్రి స్టేషను కాడికి రమ్మంటారు,
ఆడగుంటవి."

పట్నాయక్ ప్లీడరు గారు కారు దిగకుండానే
"ఇన్‌కమ్‌టాక్సు చదువమ్మా, అంకెలు ఏడవవు" అన్నారు.
విశాఖ నుంచి మా చిన్నాన్న కొడుకు
ఫోన్లో "కార్పొరేట్ లా" అన్నాడు.
ఆ మాటకి మా షాపులో ఏసీ వేసినట్టయింది
ఒక్క క్షణం.

నేను కేసుల్ని బరువుతో గుర్తుపడతాను.
భాగ పంపకాలు పురికొసతో వస్తాయి, చెమ్మ వాసనతో.
విడాకులు పలచన,
అయినా రెండు కాపీలు ఎక్కువే అడుగుతారు.
ఉద్దానం నుంచి వచ్చే ఇన్సూరెన్సు కాగితాల్లో
డయాలసిస్ తేదీలుంటాయి,
వారానికి రెండు, వారానికి మూడు,
తర్వాత ఖాళీ గడి.
ఆ ఖాళీ గడిని కూడా మెషీను
శ్రద్ధగా కాపీ తీస్తుంది.

నాకిష్టమైనవి హద్దులు.
తూర్పు: దాలయ్య జీడితోట.
దక్షిణం: గెడ్డ.
తుఫానుకి గెడ్డ జరిగిపోయింది,
కాగితంలో మాత్రం అక్కడే పారుతోంది.
దానికోసం ఇద్దరన్నదమ్ములు పదకొండేళ్లుగా
ఒకే బస్సులో వస్తారు,
ఒకడు డ్రైవరు వెనక, ఒకడు చివరి సీటులో.
అయితే సివిలేనేమో, అనుకున్నాను.

మా అమ్మ జీడి బట్టీలో పిక్క కొడుతుంది.
ఎంత బూడిద రాసుకున్నా నూనె వేళ్లలోకి దిగుతుంది.
ఇరవై రెండేళ్లకి గీతలు అరిగిపోయాయి.
రేషను డిపోలో మెషీను మీద వేలు పెడితే
ఎర్ర దీపం.
చెంగుకి తుడిచి పెడితే
ఎర్ర దీపం.
"నా ఏలు నాది కాదంటందే" అని నవ్వుతూ
ఖాళీ సంచీ నాలుగు మడతలు పెట్టి తెచ్చింది.

ఇది ఏ సబ్జెక్టండీ, అని గుమస్తా గారినడిగాను.
కార్మిక చట్టమా? వినియోగదారుల కోర్టా? రాజ్యాంగమా?
ఆయన కళ్లజోడు తీసి, తుడిచి,
పెట్టుకోకుండా జేబులో వేసుకున్నారు.
"దానికి దావా ఉండదే గుంటా. అర్జీ పెట్టుకోవాల."
ఎవరికి?
"టీ సల్లారిపోతంది, తాగు."

కౌన్సెలింగు ఫారంలో
కాలేజీ పేర్లకి గడులున్నాయి.
ఏమవుతావో రాసే గడి లేదు. హమ్మయ్య.

రాత్రి, ఆదాయ ధ్రువపత్రం అర్జీ మీద
అమ్మ బొటనవేలు పట్టుకుని
నేనే ఇంకులో ముంచి నొక్కాను.
నున్నటి నల్ల గుండ్రం. ఒక్క గీతా లేదు.
పక్కన రాశాను: ఇది తామాడ సుభద్ర నిశాని.
సాక్షి అన్నచోట నా సంతకం,
ఇన్ని కాగితాల మధ్య బతికిన నాకు
అదే మొదటిది.

"ఏ కేసులు సూస్తావేటి రేపు?"
తెలీదే అమ్మా.
"తెలిసినప్పుడు సెప్పు.
ఫీజుకి గుండ్లు తేలేను గానీ, బద్దలు తెస్తాను."

కిరసనాయిలు గుడ్డతో రుద్దితే
ఇంకు పోయింది.
కిందున్న నలుపు అలాగే ఉంది.