మోకాలి లోతు

కరెంటు బిల్లు వెనక
మూడు చుక్కలు పెట్టాడు మా ఆయన.
పేర్లేవంటే
"అన్నీ సముద్రమేగా" అన్నాడు.
రెండు రోజుల సెలవు,
రెండున్నరేళ్ల పిల్లాడు,
నీళ్లు కనబడితే చెయ్యి విదిలించుకునే ఆరేళ్ల ఇందుజ.
నేను చుక్కల్ని చూడలేదు.
చుక్కకీ చుక్కకీ మధ్య
పాలు వేడిచేసిచ్చే హోటలుందా అని చూశాను.

పెళ్లికి ముందు నాకు
ఎంత ఎగిరిపడితే అంత గొప్ప సముద్రం.
అలొచ్చి కుచ్చిళ్లు లాగితే
పకపకా నవ్వి ఇంకో అడుగు లోపలికేసిన మనిషిని.
ఇప్పుడు పంచాంగం తిరగేస్తున్నాను
అమావాస్య ఎన్నాళ్లుందో,
పోటు ఎన్నింటికో, పాటు ఎన్నింటికో.
మా అత్తగారు ప్రయాణానికి వర్జ్యం చూస్తున్నాననుకుంది.
అదీ ఒకరకం వర్జ్యమే.

రాజోలు దాటాం.
కాలవ గట్టు మీద కొబ్బరి డొక్కల గుట్టలు,
ఆటోలో ఇందుజ పాట,
మలికిపురంలో పిల్లాడు మొదటిసారి కక్కాడు.

మొదటి చుక్క దగ్గర
ఇసుక కన్నా జనం ఎక్కువ.
మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు.
మూడో పేరు వినగానే
ఆటో వెనక్కి తిప్పమన్నాను.

రెండో చుక్క దగ్గర ఎవరూ లేరు.
అందుకే దిగబుద్ధి కాలేదు.
నిండా పిలుస్తోంది నీరు,
అడిగితే వద్దని చెప్పే మనిషైనా లేడు.

మూడోది
సరుగుడు తోట దాటాక.
వైనతేయం మొగకి ఇవతల
పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తోంది నూకరత్నం.
ఇక్కడ పిల్లల్ని దింపొచ్చా అన్నాను.
సూది ఆపలేదు.

"అలని సూడకమ్మా, ఇసకని సూడు.
సాపలాగ పరుసుకుంటే పిల్లలది,
మెట్టులాగ తెగితే పడవలది.
మొగకాడికి మాత్రం ఎల్లకు.
అక్కడ ఏరు పైకి నవ్వుద్ది, కింద లాగుద్ది.
పాటు తీత్తంది కదా,
ఆ మేట ఎనకాల కాసిని నీళ్లు మిగులుతాయి,
అందులో ఆడించుకో.
పోటు తిరిగే యేళకి నేనే కేకేత్తాను."

నీకెంతమంది పిల్లలన్నాను.
నాలుగు వేళ్లు ఎత్తి
ఒకటి మడిచింది.
మళ్లీ వల అందుకుంది.

ముందు నేనే దిగాను, చీర ఎగ్గట్టి.
పద్నాలుగు అడుగులు లెక్కపెట్టాను
ఆ చివర నుంచి ఈ చివరకి.
మోకాలు దాటలేదు.
పొయ్యి మీంచి అప్పుడే దించిన తొలి కాగులా
గోరువెచ్చగా ఉంది.
పిల్లాడు కూర్చున్నాడు, నీళ్లని కొట్టాడు,
నీళ్లు తిరిగి కొట్టలేదని నవ్వాడు.
మా ఆయన గెడ్డం కింద టవలు పెట్టుకుని
ఏడాది నిద్ర బాకీ తీర్చుకున్నాడు.

ఇందుజ మాత్రం ఒడ్డునే నిలబడింది.
"ఇది సముద్రం కాదు. గుంట.
అబద్ధం చెప్పి తెచ్చారు."

నిజమే తల్లీ.
నీకోసం ఎంచి ఎంచి
సముద్రంలోంచి సముద్రాన్ని తీసేశాను.

చెయ్యి పట్టుకుని అసలు దాని దగ్గరికి తీసుకెళ్లాను.
ఒక్క అల.
పాదాల మీదుగా వెళ్లి
మడమల కింద ఇసుకని తవ్వుకుపోయింది.
నా మణికట్టు మీద దాని గోళ్లు దిగాయి.
"భూమి కదిలిందమ్మా."
నాకూ కదిలింది.
కుచ్చిళ్లు తడిశాయి,
ఇంకో అడుగు వెయ్యాలనిపించింది,
వెయ్యలేదు.
"ఇంకొకటి" అంది తను.
ఇంకొకటి చూశాం. అంతే.

కేక వినబడింది.
తోట నీడకొచ్చి వెనక్కి చూస్తే
మేట మీదుగా నాలిక చాపి
మా గుంటని ఒక్క గుక్కలో తాగేసింది సముద్రం,
పిల్లాడి ఎర్ర గిన్నెతో సహా.
వాడు టాటా చెప్పాడు, గిన్నెకో నీళ్లకో.

రాత్రి స్నానం చేయిస్తుంటే
చెవుల వెనక ఇసుక,
ఇందుజ గుప్పిట్లో ఇసుక,
నిద్రలో కూడా విప్పలేదు.
మా ఆయన జేబులోంచి తీసి ఆరబెట్టిన బిల్లు మీద
మూడు చుక్కలూ అలుక్కుపోయి
ఒకటే మరక అయ్యాయి.
తిప్పి చూస్తే
కట్టాల్సిన గడువు నిన్నటితో సరి.