అర అంగుళం

కాజీపేట డీజిల్ కాలనీ వెనుక గల్లీ,
మేం కిరాయికున్న పై పోర్షన్.
అగ్రిమెంటుల ఏడో ముచ్చట:
గోడకు మేకు కొట్టరాదు.

నేను చేతులతోటి పాఠం చెప్త.
చెవులు వినరాని పదకొండు మంది పిల్లలు
జనగామ నుంచి మంచిర్యాల దాంక
నా వేళ్లనే చూస్తరు.
నెట్ ఆగితే
వాన అని మొదలువెట్టిన వేళ్లు
కిందికి రాకుంట మబ్బుల్నే ఉంటయ్.

ఫైబర్ పిల్లగాడు ఇమాం మూడుసార్లొచ్చిండు.
మూడుసార్లూ డ్రిల్లు సంచిలకెల్లి బయటికి రాలే.
"పీఎఫ్ పైసలతోటి లేపిన గోడ బిడ్డా,
నొప్పైతది" అన్నడు ఇంటాయన సారంగపాణి.
ఎవరికో చెప్పలే.

మొన్న కిరాయికని పైకొచ్చి
తలుపుకాడ్నే నిలవడ్డడు.
తెర మీద నస్రీన్ చెయ్యి
గాలిల ఆగిపోయి ఉన్నది.
ఏమడిగిందో నాకు తెల్వది.
ముప్పయ్యేండ్లు గూడ్సుబండి చివరి డబ్బల
పచ్చజెండా ఊపిన మనిషి ఆయన.
ముంగట డ్రైవరు చూడకుంటే
ఊపిన చెయ్యి ఉత్త చెయ్యే అని ఎరుక.

ఏమనలే.
తనే ఎన్నడో కొట్టిన మేకు నుంచి
క్యాలెండరు దించిండు.
దాని వెనుక, సున్నం కింద,
పాత ల్యాండ్‌లైను పోయిన బొక్క.
"అర అంగుళం సాల్తదా?"

వచ్చే నెల నుంచి కిరాయి రెండొందలు ఎక్కువ,
అది వేరే ముచ్చట.
ఇప్పుడు నేను వాన అంటే
మంచిర్యాలల గూడ కురుస్తది.
క్యాలెండరే
వైరు తగిలి జర పక్కకు వాలింది,
ఎవ్వరం సరిచెయ్యలే.