మోచేయి ఆన్చిన చోటు

కురుపాం మార్కెట్ వెనక సందులో
మా ఫ్రేముల కొట్టుకి
పాత దుప్పట్లో చుట్టి తెచ్చారు దొరగారిని.
వాల్తేరు అప్‌లాండ్స్‌లో కూల్చేస్తున్న బంగళాలోదట.
"గ్లాసు వద్దు, చెక్క మార్చి ఇచ్చెయ్"
అన్నాడు కాంట్రాక్టరు తాలూకు కుర్రాడు,
బొమ్మవైపు చూడకుండానే.

బల్ల మీద పరిచి
దూది చుట్టిన పుల్లని నాలికకి తడిపి
అంగుళం అంగుళం తుడిచాను.
ముందు బూటు బకిల్ మెరిసింది.
తర్వాత పాలపిట్ట రంగు పట్టు కోటు,
మణికట్టు దగ్గర అల నురగలాంటి లేసు,
విరిగిన రోమను స్తంభం మీద
సొంతింటి అరుగేనన్నట్టు ఆన్చిన మోచేయి.
వెనక సగం కమాను, కమానులో మొలిచిన చెట్టు,
ఏ దేవుడిదో మొండెం.

దొరకి మొహం మాత్రం లేదు.
ఇన్నేళ్ళ సముద్రపు గాలి
ఉప్పు నాలికతో, తొందర లేకుండా,
అక్కడే మొదలుపెట్టి తిన్నది.

ఆదివారం మా బావ ఎర్రయ్యకి క్యారేజీ పట్టుకెళ్ళాను.
తొట్లకొండ మీద కాపలా డ్యూటీ ఆయనకి.
మోకాలెత్తు ఇటుక గోడలు,
భిక్షువులు లేచెళ్ళిపోయిన గదులు,
రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, కింద సముద్రం.
"ఇక్కడ రోము వెండి నాణేలు దొరికాయిరా"
చారన్నం కలుపుతూ అన్నాడు,
నిన్న ఎవరి జేబులోంచో జారినట్టు.

అప్పుడొచ్చారు పెళ్ళికి ముందు ఫొటోల వాళ్ళు.
అద్దె కోటు పెళ్ళికొడుకు
ఒక కాలు మడిచి
రెండువేల ఏళ్ళ ఇటుక మీద మోచేయి పెట్టాడు.
అచ్చంగా అదే మోచేయి.
వీడికెవరు నేర్పారు?

బావ ఎంగిలిచేత్తోనే విజిల్ ఊదాడు.
కుర్రాడు ఉలిక్కిపడి చేయి తీసి
కోటుకంటిన ఎర్రదుమ్ము చూసుకున్నాడు.
అప్పటి ఆ మొహం
ఫొటోలో పడలేదు.

సోమవారం బొమ్మ మూల తుడుస్తుంటే
మకిలి కింద ఒకడు బయటపడ్డాడు.
వడ్లగింజంత మనిషి, చేతికర్ర, రెండు మేకలు.
వాడి మొహం చెక్కు చెదరలేదు.
గాలికి కూడా కనబడలేదు కాబోలు.
కమాను నీడలోంచి
దొర మోచేతివైపే చూస్తున్నాడు.

ఇక దొరకి మొహం వెయ్యడం కష్టం కాలేదు.

కుర్రాడొచ్చి, ఫ్రేము మీద వేలితో కొట్టి
"టేకేనా?" అన్నాడు.
వేప, పురుగు పట్టదు అన్నాను.
గాలి సంగతి చెప్పలేదు.