ఐదో గేరు

ఎమ్మిగనూరు రోడ్డులో నా షెడ్డు.
ఎదురుగ్గా జిన్నింగు మిల్లు.
దీపావళి నుంచి ఉగాది దాకా
మా ఆదోనిలో గాలి తెల్లగా ఉంటాది.
టీ గ్లాసులో దూది, స్పానర్ల డబ్బాలో దూది,
గ్రీజు పూసిన చోటల్లా
దూది మీసం మొలుస్తాది.

ఉరుకుందమ్మ ఆ మిల్లు ఆఫీసులో టైపిస్టు.
ఒక దినం మధ్యాన్నం బెల్లు కొట్టినాక
రోడ్డు దాటి వచ్చి, గొడుగు మూసి,
"కార్ల పందెంలో గేరు ఎట్ల మారుస్తారు?" అనింది.
ఆమెకు కారు కాదు గదా,
సైకిలు గూడా లేదు.

నవల రాస్తాండాదంట. వారపత్రికలో వస్తాదంట.
హీరో పేరు విక్రాంత్, ఎర్ర కారు.
హీరోయిన్ బొంబాయి నుంచి దిగుతాది, నల్లద్దాలతో.
కథ మీద పేరు మాత్రం మృణాళిని.
"ఉరుకుందమ్మ రాసిన ప్రేమ ఎవరు చదువుతారు?"
అని ఆమే నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

నేను పందేలు చూసింది ఒకేసారి.
పద్దెనిమిదేండ్లప్పుడు మా ఉస్తాదు వెంట
షోలవరం పోయినా, టైర్లు దొర్లించేదానికి.
రెండు దినాలు.
ఆ రెండు దినాలను ఆమెకు
ఏడు నెలలు చెప్పినా.

కాలిన రబ్బరు వాసన చెప్పినా.
జెండా పడేముందు ఇంజన్లన్నీ
గుక్కపట్టిన పిల్లోని మాదిరి బిగుసుకొనేది చెప్పినా.
"మలుపుకు ముందు భయపడాల్రా,
మలుపులో భయపడగూడదు"
అని ఉస్తాదు అనేది, అదీ చెప్పినా.
చెప్పేది అయిపోయినాక
అబద్ధాలు చెప్పినా.

ఆమె మిల్లు బిల్లుల వెనకపక్క రాసుకొంటాండె.
ఒకసారి పెన్ను జారి పాత ఆయిలు తట్టలో పడితే
తీసి, వేస్టుకాటనుతో తుడిచి,
నిబ్బు మటుకు నా చొక్కా లోపలి అంచుకు తుడిచి ఇచ్చినా.
అప్పుడడిగింది, మూడో నెలలో, "మీ పేరేమి?" అని.
షెక్షావలి అన్నా.
మా పక్క ఆ పేరు రెండు మతాల ఇండ్లల్లోనూ పెడతారు.
నాది ఏ ఇల్లని ఆమె అడగలేదు.
అడగంది మేలాయెనని కొంతసేపు,
అడిగింటే బాగుండునని కొంతసేపు,
ఆ రాత్రి ఒక లారీ కింద పండుకొని
నట్టు బిగించేది మర్చిపోయినా.

గురువారం గురువారం బస్టాండులో పత్రిక కొంటాంటి.
అక్షరాలకు గ్రీజు అంటకుండా
మోచేత్తో పేజీ తిప్పుతాంటి.
నా అబద్ధాలన్నిట్లోనూ విక్రాంత్ కారు నడిపినాడు,
ఒక్కసారి గూడా పల్టీ కొట్టలేదు.
ఉస్తాదు మాటను బొంబాయి పిల్ల చెయ్యి పట్టుకొని చెప్పినాడు.
పాపం ఉస్తాదు,
ఆ మాట ఆయన చెప్పింది బ్రేకుల గురించి.

పదహారో వారం ఒక తప్పు.
నాలుగు గేర్ల కారును ఐదో గేరులో వేసినాడు.
షెడ్డు అట్లే వదిలేసి, మొదటిసారి నేనే రోడ్డు దాటి
మిల్లు గేటుకాడ నిలబడినా.
"తెలుసు," అనింది. "నువ్వు నాలుగనే చెప్పినావు.
వాళ్ళిద్దరికీ ఇంకొక్కటి ఉండనీలే అనిపించింది."

నువ్వు అనింది.
వాళ్ళిద్దరంటే ఎవరని అడిగేలోపల
సైరన్ కొట్టింది.
ఆమె జడలో ఒక దూదిపింజ ఉన్నింది.
చెప్పలేదు.

చివరి వారం విక్రాంత్ గెలిచినాడు. పెండ్లి.
నాలుగో పేజీలో, కుడిపక్క అడుగున, ఒక వాక్యం:
"ఎవరో మెకానిక్, నిబ్బును తన చొక్కాకే తుడిచి,
సంతకానికి పెన్ను అందించాడు."
అంతే. పేరు లేదు.
ఆ పేజీ కత్తిరించి
ఫ్యూజుల డబ్బాలో పెట్టినా.

కథ అయిపోయింది గదా,
ఇంక ఆమెకు నాతో పనేముంది?
రెండు వారాలు మధ్యాన్నం బెల్లు
నాకు కాదన్నట్టు ఇంజన్లో తల పెట్టుకొని ఉన్నా.

మూడో వారం గొడుగు మూసిన చప్పుడు.
"రైళ్ళ గురించి ఏమన్నా తెలుసునా నీకు?"

మద్రాసుకు గూడా
లారీ మీద టైర్లల్లో కూచొని పోయినోణ్ణి నేను.

"శానా తెలుసు," అన్నా.
"కూచో."